ఖస్యో అన్న ఒక్క మాట

పోయిన వారం మనం గోమాని గేదెల పాకలో వదిలేసి వచ్చాం. బయట అరుగు మీద పెద్దలు మాట్లాడుకున్నదంతా ఆమె తడిక సందులోంచి విన్నది. భూతవైద్యుడు ఝాక్రీ బియ్యం గింజలు విసిరి, కళ్ళు మూసి, కాసేపు వణికి, "పిల్లకి నీడ తగిలింది, బుర్రలోకి ఎక్కుతోంది" అని తేల్చాడు. తన కోడిపుంజుని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ వెంటనే ఇంటి పెద్ద టీకారాం తీర్పు చెప్పేశాడు. తీజ్ పండక్కి చెల్లెల్ని తీసుకెళ్ళడానికి గోమా అన్న ఎలాగూ వస్తాడు, అతనితో పంపేద్దాం. పసివాడు మాత్రం ఇక్కడే ఉంటాడు. "నయమయ్యాక చూద్దాంలే" అన్నాడు. మా సిర్సేకోట్‌లో ఆ మాటకి అర్థం తెలియనివాళ్ళు లేరు. ఎగువింటి కోడల్ని కూడా నయమయ్యాక చూద్దామనే పంపారు. ఆ పిల్ల పుట్టింట్లోనే ముసలిదవుతోంది.

గోమా మొగుడు ధనబీర్ పోఖరాలో ఒక హోటల్లో వంట చేస్తాడు. ఫోన్లో అడిగితే, పెద్దనాన్న ఎలా అంటే అలాగే అన్నాడు. అత్త ఖగిసరా తలూపింది. ఆవిడ తలూపడం తప్ప ఏం చేయగలదని మీరు అడగవచ్చు. మా ఇళ్ళలో తమ్ముడి భార్య బావగారి ఎదుట నోరెత్తదు. ఏదైనా చెప్పాల్సి వస్తే పక్కనున్న స్తంభానికి చెబుతుంది, ఆయన వింటాడు. ఆయన నడిచే దారిలోంచి తప్పుకుంటుంది. కొంగు కూడా ఆయనకి తగలకూడదు. పొరపాటున తగిలితే ఇద్దరూ బంగారం ముంచిన నీళ్ళు చల్లుకుంటేనే శుద్ధి.

ఈ ఖగిసరాకి ఊళ్ళో పొగరుబోతని పేరు. తీజ్‌కి ఆడవాళ్ళంతా ఎర్రచీరలు కట్టి మాదల్ డోలు మోతకి తిరుగుతుంటే, ఆవిడ గోడకానుకుని చప్పట్లు మాత్రం కొడుతుంది. కింద కూర్చోమంటే ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది. కొండెక్కేటప్పుడు మాటిమాటికీ ఆగి, ఏదో చూస్తున్నట్టు లోయలోకి చూస్తుంది. మొగుడు బతికున్న రోజుల్లోనే వేరే గదిలో పడుకునేదని కూడా అందరికీ తెలుసు. ఎందుకో మాత్రం ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు.

ఇవాళ తీజ్ ముందురోజు. పొద్దెక్కినా మబ్బు కొండ దిగలేదు. ఖగిసరా పాలచెంబు పట్టుకుని పాకలోకి వచ్చేసరికి, గడ్డిమోపు పక్కన గోమా మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, రెండు చేతులూ పొత్తికడుపుకి అదుముకుని కూర్చుని ఉంది.

"ఇక్కడున్నావా? నాని ఏడ్చి ఏడ్చి ఇప్పుడే పడుకున్నాడు. మీ అన్న వచ్చే వేళయింది, లేచి మొహం కడుక్కో. నిన్నిలా చూస్తే మేమేదో కొట్టామనుకుంటాడు."

గోమా కదల్లేదు.

"నిన్నే పిల్లా! మేమూ కన్నాం పిల్లల్ని. వాము పులుసు తాగి, పేరు పెట్టిన మర్నాడే డోకో బుట్ట వీపునేసుకుని పొలానికి పేడ మోశాం. ఏడవడానికి తీరికెక్కడిది మాకు? నిన్ను ఎండలో పడుకోబెట్టి ఆవనూనె రాస్తుంటే నీకు ఏడుపొస్తోంది."

"ఖస్యో, ఆమా" అంది గోమా. గొంతు గేదెకి కూడా వినపడనంత చిన్నగా ఉంది.

ఖస్యో అంటే జారిందని. చెట్టు మీంచి కాయ రాలినా అదే మాట, చేతిలోంచి గిన్నె జారినా అదే మాట. కానీ మా కొండల్లో ఒక ఆడది ఇంకో ఆడదాని దగ్గర గొంతు తగ్గించి, ఏం జారిందో చెప్పకుండా ఊరికే ఖస్యో అందంటే దానికి ఒకటే అర్థం. గర్భసంచి కిందికి జారిందని. ఆ పేరు ఎవరూ పలకరు. మరీ చెప్పాల్సి వస్తే ఒళ్ళు జారిందంటారు, అదీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ఖగిసరా చెంబు కింద పెట్టేసింది. వెనక్కి వెళ్ళి తడిక తలుపు దగ్గరికి లాగి, గోమా పక్కన చతికిలబడింది.

"ఎప్పట్నుంచి?"

"నాని పుట్టినప్పట్నుంచే."

"అయ్యో నా తల్లీ! ఇన్నాళ్ళూ నోరు మూసుకుని కూర్చున్నావా? అలాగే నీళ్ళ బిందెలు మోశావా?"

"ఎవరికి చెప్పను? ఎలా చెప్పాలో తెలియలేదు."

"తెలియదు. ఎవరికీ తెలియదు" అంది ఖగిసరా. కోడలి చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. "దగ్గితే ఎక్కువవుతుందా?"

గోమా తలెత్తి చూసింది. "దగ్గడమేంటి?"

"సరే, బరువెత్తితే?"

"ఏదెత్తినా బరువే, ఆమా. ఖాళీ చెంబు కూడా."

"ఉంటుంది, ఉంటుంది. మొదట్లో అలాగే ఉంటుంది. పొద్దున్నపూట ఎలా ఉంటోంది?"

"పొద్దున్నే ఎక్కువ. కళ్ళు తెరవగానే మొదలవుతుంది. సాయంత్రానికి కాస్త తేలికపడుతుంది."

ఖగిసరా నొసలు ముడిచింది. "అదేంటే? రాత్రంతా పడుకుని లేచాక పొద్దున్నెందుకు ఎక్కువవుతుంది? నాకు పొద్దున్న హాయిగానే ఉంటుంది. పొద్దువాలేసరికి కదా కిందికొచ్చేది!"

ఆ మాట బయటికొచ్చాకే ఆమె చెవిన పడింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

"మీకా?" అంది గోమా.

ఖగిసరా ఒక గడ్డిపరకని తుంపింది. ఇన్నేళ్ళుగా ఊళ్ళో ఎవరూ అడగనిది ఎవరో అడిగారు. అడిగినవాళ్ళకి అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాలేదు.

"ధనబీర్ పుట్టాక. పేడ మోశానని ఇందాక గొప్పగా చెప్పానే, ఆ పేడ మోస్తుంటేనే. కిందికి ఏదో దిగినట్టయింది. పేగు బయటికొచ్చిందనుకున్నా. బుట్ట దించి గట్టు మీద కూర్చుని, చచ్చిపోతున్నానని ఏడ్చా. కాసేపటికి చూస్తే చావలేదు. చేత్తో లోపలికి తోసుకుని, బుట్ట మళ్ళీ ఎత్తుకున్నా. అప్పట్నుంచి పాత చీర మడిచి బిగించి కట్టుకుంటున్నా. దాన్ని ఉతికి ఎండలో వెయ్యలేను, ఎవరైనా చూస్తారని. తడిదే కట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి."

"మామయ్యగారికి కూడా చెప్పలేదా?"

ఖగిసరా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

"ఆయన ఒకసారి అడిగారు. నేను వేరే గదిలో పక్కేసుకుంటుంటే గుమ్మం దగ్గర నిలబడి, 'నేనేం తప్పు చేశానో చెప్పు, దిద్దుకుంటా' అన్నారు. గద్దించలేదు. అలాంటి మనిషి కాదు. నేను దీపం ఊదేసి అటు తిరిగి పడుకున్నా. ఆయన మళ్ళీ అడగలేదు. పోయేముందు కూడా నా వైపు అలాగే చూశారు, ఇప్పుడైనా చెబుతానేమోనని. ఏటా తీజ్ అయ్యాక పంచమికి నదికెళ్ళి మట్టి పూసుకుని స్నానం చేస్తాం కదా, బయటున్నప్పుడు తెలియక ముట్టుకున్న పాపాలు పోవాలని. నేను ఆయనకి చేసింది ఏ మట్టి పూసుకుంటే పోతుంది, చెప్పు?"

గోమా అత్త భుజానికి తల ఆనించింది. కోడలిగా ఈ ఇంటికి వచ్చాక అలా ఆనించడం ఇదే మొదలు. ఖగిసరా కొంగుతో ముక్కు చీదుకుని, మళ్ళీ ఇంటి ఇల్లాలి గొంతు తెచ్చుకుంది.

"సరే, జరిగిందేదో జరిగింది. నీకలా కానివ్వను. బరువులు ముట్టుకోకు. పండగయ్యాక బడి దగ్గరికి డాక్టరమ్మలు వస్తున్నారని ఆ ఆరోగ్య సేవిక రణమాయ తల్లుల సమావేశంలో చెప్పిందా లేదా? అప్పుడు అందరం నేలచూపులు చూశాం. ఆ వరసలో నిలబడితే మన సంగతి ఊరంతా తెలిసిపోతుందని. తెలియనీ. ఇద్దరం నిలబడదాం."

గోమా ఇక్కడ ఊరుకుని ఉంటే బాగుండేది అని నాకు అనిపిస్తుంది. తెరుచుకోని మనిషి తెరుచుకుంది, కావలసినంత జాలి దొరుకుతోంది. కానీ తనది కాని రోగంతో జాలి తీసుకోవడానికి ఆ పిల్లకి మనసొప్పలేదు.

"ఆమా, నాది అది కాదు. నాకు ఒళ్ళు బాగానే ఉంది. మనసు జారింది."

ఖగిసరా చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఏంటీ?"

"మనసు ఖస్యో, ఆమా."

"మనసు జారడానికి అదేమన్నా సంచీయా?" ఖగిసరా లేచి నిలబడింది. మొహం ఎర్రబడిపోయింది. "ఇంత చెప్పించుకున్నాక ఇప్పుడు మనసంటావా? కట్టుకున్నవాడికి చెప్పనిది నీకు చెప్పానే! నా సిగ్గంతా తీసుకొచ్చి నీ ముందు పోశానే!"

"నేను మోసం చెయ్యలేదు. మీరడిగిన ప్రతిదానికీ నిజమే చెప్పాను."

"అయితే ఝాక్రీ చెప్పిందే నిజమా? బుర్రలోకి..."

"బుర్ర కాదు!" గోమా గొంతు పెరిగింది. ఆ గొంతు అంత పెద్దదని ఇద్దరికీ తెలియదు. "బుర్ర బాగానే ఉంది. ఉప్పేదో చక్కెరేదో తెలుస్తోంది. ఈ గేదె ఎప్పుడు ఈనుతుందో తెలుసు. పెద్దమామయ్యగారు అరుగు మీద ఏమన్నారో అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను. మీరు తలూపారు, అదీ గుర్తుంది."

ఖగిసరా చూపు గడ్డి మీదికి దించుకుంది.

"నాని ఏడుస్తాడు. వినిపిస్తుంది. వెళ్ళాలని తెలుసు. చెయ్యి లేవదు, ఆమా. ఎత్తుకున్నా, ఎవరి పిల్లాడినో కాసేపు పట్టుకోమని నా చేతికిచ్చినట్టుంటుంది. వాడి మీద ప్రేమ లేక కాదు. అది ఎక్కడో కింద పడిపోయింది. ఎంత వెతికినా దొరకట్లేదు. పొద్దున్నపూట మరీ, నేను లేకపోతేనే వాడు బాగా పెరుగుతాడనిపిస్తుంది. అందుకే లేవగానే ఇక్కడికొచ్చి కూర్చుంటున్నా. గేదె ఉంటుంది కదా, పక్కన ఏదో ఒక ప్రాణం ఉంటే ఏమీ చేసుకోనని."

ఖగిసరా నెమ్మదిగా మళ్ళీ కూర్చుంది. ఎప్పటిలాగే పక్కకి ఒరిగి, ఇక దాచాల్సిన పని లేదు కాబట్టి ఇంకాస్త ఎక్కువ ఒరిగి. గట్టు మీద బుట్ట దించుకుని ఏడ్చిన ఆ రోజు, ఇంట్లో పసివాడు పాలకి ఏడుస్తుంటాడని తెలిసి కూడా, లేచి వెళ్ళాలనిపించక లోయలోకి చూస్తూ ఎంతసేపు కూర్చుందో ఆమెకి గుర్తొచ్చింది. ఆ రోజు పేడ పురుగుల్ని ఏరుకోవడానికొచ్చిన ఒక పిట్ట పక్కనే తిరుగుతోంది. అది ఉన్నంతసేపు చూస్తూ కూర్చుని, తర్వాత లేచి వచ్చేసింది. పిట్ట మాట ఆమె కోడలికి చెప్పలేదు. భయమేసింది, అంతే. తన గురించి కాదు.

"నిన్ను పంపేసి వాణ్ణి ఇక్కడుంచితే?" అని అడిగింది.

"ఇక వెతకడానికి కూడా ఏమీ ఉండదు."

"మళ్ళీ పైకొస్తుందా అది? మనసు?"

"తెలియదు."

"నాదైతే తోస్తే వెళ్తుంది" అంది ఖగిసరా.

అది నవ్వాల్సిన మాట కాదు. అయినా ముందు గోమా పెదాలు కదిలాయి, తర్వాత ఖగిసరా భుజాలు ఊగాయి, ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకుని గేదె బెదిరేలా నవ్వారు. నవ్వు ఇంకా ఆగకముందే బయట కుక్క మొరిగింది. "బహినీ!" అని చెల్లెల్ని పిలుస్తూ ఒక మగగొంతు వినపడింది. గోమా అన్న చేతనాథ్ వచ్చేశాడు.

ఇద్దరూ వచ్చేసరికి వాకిట్లో ఎర్రచీరలు నిండిపోయాయి. రెండిళ్ళకీ కలిపి ఒకటే వాకిలి. ఒక పక్క టీకారాం ఇల్లు, ఎదురుగా ఖగిసరా ఇల్లు. టీకారాం భార్య మనరూపా చాప మీద కూర్చుని మాదల్ బిగిస్తోంది. పాట ఎత్తుకోవాలన్నా ఆట మొదలెట్టాలన్నా ఊళ్ళో ఆవిడ తర్వాతే ఎవరైనా. చేతనాథ్ అరటి గెల, పెరుగు కుండ దించి, పెద్దాయనకి దండం పెట్టి, బురద కాళ్ళతో నిలబడి ఉన్నాడు.

"వచ్చావా బాబూ. మంచిది" అన్నాడు టీకారాం. "చెల్లెల్ని తీసుకెళ్ళు. తొందరేమీ లేదు, ఉంచుకోండి. పిల్లాడు ఇక్కడే పెరుగుతాడు."

చేతనాథ్‌కి మొదట అర్థం కాలేదు. "పాలు తాగే పిల్లాడు కదండీ!"

"గేదె పాలున్నాయి. మీ చెల్లెలికి బుర్ర సరిగా లేదయ్యా. నేను చెప్పడమెందుకు, ఇక్కడ ఎవర్నైనా అడుగు."

చేతనాథ్ చెల్లెలి వైపు చూశాడు. గోమా కాలి బొటనవేలి వైపు చూసుకుంటోంది. మాదల్ ఆగిపోయింది. ఆడవాళ్ళు గాజులు సర్దుకున్నారు.

"బుర్ర కాదు" అంది ఖగిసరా.

అలవాటుగా అరుగు స్తంభానికే చెప్పింది. తర్వాత ఏమనుకుందో, స్తంభాన్ని వదిలేసి మొహం ఇటు తిప్పింది. కొంగు నుదుటి మీంచి వెనక్కి జారితే మళ్ళీ లాక్కోలేదు.

"బావగారూ, మీకే చెబుతున్నా. దాని బుర్రకేం కాలేదు. మనసు జారింది. పురిట్లో జారింది, ఎత్తి నిలబెట్టేవాళ్ళు లేక అక్కడే ఉండిపోయింది. నాకెలా తెలుసంటారా? నాకు ఒళ్ళు జారింది. ధనబీర్ పుట్టినప్పట్నుంచీ మోస్తూనే ఉన్నా. జారినవాళ్ళని ఇంట్లోంచి పంపెయ్యాలంటే ముందు నన్ను పంపాల్సింది. ఎందుకు పంపలేదు? నేను చెప్పలేదు గనక. చెప్పకుండా మీ అందరికీ వండి పెట్టాను గనక. ఇది చెప్పింది, అందుకని దీని బిడ్డని లాక్కుంటారా?"

ఆమె తనని నేరుగా పిలవగా టీకారాం వినడం ఇదే మొదటిసారి. ముందు దానికే బిత్తరపోయాడు. మిగతాది అర్థమయ్యేసరికి మొహం కందగడ్డ అయింది.

"సిగ్గు లేదూ! పరాయి మగాడి ముందు, పండగ పూట, ఏం మాటలవి!"

మనరూపా మాదల్‌ని పక్కన పెట్టింది. మోకాళ్ళ మీద చేతులు మోపి లేచింది.

"చేతనాథ్ బాబూ, కాసేపు ఆగు. నా మూట కూడా కట్టుకుంటా. జారినవాళ్ళంతా పుట్టింటికేగా, మా పుట్టింటి దారీ అటే."

"దిదీ!" అంది ఖగిసరా. "నువ్వూనా? మరి ఆడతావుగా..."

"గట్టిగా బిగించి కట్టుకుని ఆడతానే. మర్నాడంతా మంచం దిగను. పండగ అలసట అనుకుంటారు ఈయన."

టీకారాం భార్య వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంది. కోపం కింద ఇంకేదో కూడా ఉండాలి, కానీ అది పైకి రాలేదు. లేచి వాకిలి దాటి, ఖగిసరా ఇంటి ద్వారం దగ్గరికి నడిచి, గడప మీద అడ్డంగా కూర్చున్నాడు. మా కొండ ఇళ్ళ ద్వారాలు ఒక మనిషి కూర్చుంటే నిండిపోతాయి.

"పోండి. అందరూ పోండి. ఆడవాళ్ళ రోగాలతో నాకు పనిలేదు. లోపలున్నవాడు మా వంశం. ఈ గడప మీంచి నేను కదలను, ఎవరు దాటుతారో చూస్తా."

ఎవరూ దాటరని ఆయనకి తెలుసు. ఆ ఇంటి కోడళ్ళు ఆయన చెప్పులు కనపడినా పక్కకి తప్పుకునేవాళ్ళు. చేతనాథ్ ఆడపిల్ల తరఫువాడు, పెద్దాయన మీద చెయ్యి వెయ్యలేడు.

లోపల నాని లేచాడు. ముందు కాస్త గునిసి, తర్వాత గుక్కపట్టి ఏడుపు అందుకున్నాడు.

గోమా అలాగే నిలబడి వింది. రవిక ముందుభాగం తడిసిపోతోంది. ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది. ద్వారానికడ్డంగా ఉన్న పెద్దాయన తెల్లటి టోపీ ముందు ఆగిపోయింది. చేతులు రెండూ ముందుకు చాచి ఉన్నాయి. వాటిని ఎవరివో అన్నట్టు చూసుకుని, వెనక్కి తిరిగింది.

"ఆమా, చెయ్యి లేస్తోంది" అంది.

ఖగిసరా కొంగు తీసి నడుముకి దోపుకుంది. లోయలోకి చూసే నెపం లేకుండా, ఎక్కడా ఆగకుండా, తనకి వచ్చిన ఆ ఒరిగే నడకతోనే తిన్నగా గడప వైపు నడవసాగింది.

"కాన్ఛీ!" అని వెనక నుంచి మనరూపా తోడికోడల్ని కేకేసింది. "ఏం చేస్తున్నావే? ఆయన్ని తాకుతావా?"

ఖగిసరా తిరిగి చూడలేదు.

"దిదీ, నీ బంగారు పోగు ఒకటి తీసి చెంబు నీళ్ళలో వేసి ఉంచు" అంది. "బావగారికి కావాల్సొస్తుంది."